ఊరగాయ జాడీలో ఉర్లగడ్డ పొరలు

1962 జనవరి 17, బుధవారం. చింతామణి.

ఉదయం 5.30. స్నానం అయింది. నిర్ణయం తీసుకున్నాను. కొత్త డైరీలో మొదటి పదహారు పేజీలు ఖాళీగా పోయాయి. పోనీ. గొప్ప పనులు ఏ తేదీన మొదలైనా గొప్ప పనులే.

విషయం: నందికొండ అతిథిగృహంలో బట్లరు తామస్ చేసిన ఉర్లగడ్డ పొరల వంట నేను నా చేతులతో చేస్తాను. (పత్రికల్లో బంగాళాదుంప అని రాస్తారు. మా తాలూకాలో దాన్ని పండించేవాళ్ళెవరూ ఆ పేరు పలకరు.)

కారణం: పోయిన నెల ఉపాధ్యాయుల శిబిరానికని కొండెక్కాను. తామస్ ఉర్లగడ్డల్ని కాగితం మందాన కోసి, రాతిపింగాణీ పాత్రలో పొరలుగా పేర్చి, పొరపొరకూ మీగడ పోసి, ఓవెన్‌లో గంటన్నర పెట్టి తీశాడు. పైన బంగారు రంగు, లోపల వెన్న. మూడుసార్లు పెట్టించుకున్నాను. పద్ధతి ఒక పాత కవరు వెనక రాయించుకున్నాను. ఇంటికొచ్చాక, బంధువులంతా పంక్తిలో కూర్చుని ఉండగా, నా భార్య మునిరత్నమ్మ ఉర్లగడ్డ వేపుడు వడ్డిస్తుంటే నోరు జారాను. "ఉర్లగడ్డ అంటే నందికొండలో తిన్నది. మనింట్లో చేసేది ఉర్లగడ్డకు అవమానం" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మరునాటి నుంచి ఇంట్లో ఉర్లగడ్డ వండలేదు. పడసాలలో మా చేనివి పద్నాలుగు మూటలున్నాయి. పళ్ళెంలో ఒక్క ముక్క లేదు.

పోయిన గురువారం చెల్లెలి కాన్పుకని ఆమె బాగేపల్లి వెళ్ళింది. బస్సెక్కే ముందు అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "నేను తిరిగొచ్చేలోగా ఆ దొరల వంట మీరే చేసి పెట్టండి. ఒక ముద్ద తిని చూస్తా. చేతగాకుంటే ఈ జన్మకు నా వంటను మాటనొద్దు."

ఫిబ్రవరి 2 సాయంత్రం బస్సుకు తిరిగి వస్తుంది. 3 నుంచి 5 వరకు అష్టగ్రహ కూటమి. ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరతాయట, లోకం మునిగిపోతుందట. మా అమ్మ అక్కయమ్మ పూర్తిగా నమ్మింది. నేను బడి ఉపాధ్యాయుణ్ణి, నమ్మను. కానీ ఒకవేళ మునిగితే, మునిరత్నమ్మ నా మీద కోపంతో ఉండగా మునగకూడదు.

నియమాలు:
1. రోజూ రెండు పూటలా పాల మీది మీగడ తీసి దాచాలి.
2. రోజూ పది ఉర్లగడ్డలు కాగితం మందాన కోయడం సాధన చేయాలి.
3. ప్రతి ఆదివారం ఒక ప్రయోగం.
4. ఎవరి సహాయమూ అడగరాదు.
5. అమ్మకు తెలియరాదు.

జనవరి 18, గురువారం

ఉదయం 6. మీగడ: ఒక గరిటె. అటక మీద చిన్న గిన్నెలో దాచాను.

సాయంత్రం 5. ఉర్లగడ్డలు కోశాను. లక్ష్యం పది. అయినవి మూడు. తెగిన వేళ్ళు రెండు. మందం కాగితమంత కాదు, అట్టంత. మొదటి రోజుకు ఇది చాలా బాగా వచ్చినట్టే.

అమ్మ నా వేళ్ళు చూసి ఏమైందని అడిగింది. సుద్దముక్క గీసుకుందని చెప్పాను.

జనవరి 19, శుక్రవారం

పాత్ర దొరికింది! కవరు మీద "రాతిపింగాణీ పాత్ర" అని ఉంది. బజారంతా అడిగాను, లేదు. ఇంటికొచ్చి నీళ్ళు తాగుతూ తలెత్తితే వంటింటి అలమరలో కూర్చుని ఉంది. ఊరగాయ జాడీ! పైన గోధుమ రంగు, కింద తెలుపు, పొట్టిగా, వెడల్పుగా. రాతిపింగాణీ కాక మరేమిటి?

అది మునిరత్నమ్మ పుట్టింటి జాడీ. పెళ్ళిలో వాళ్ళమ్మ ఇచ్చింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈ పద్నాలుగేళ్ళలో ఆ జాడీని మునిరత్నమ్మ ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు, తనే దించుతుంది, తనే కడుగుతుంది. మడి మీద పట్టింపు అనుకునేవాణ్ణి. స్నానం చేసే ముట్టాను కాబట్టి తప్పులేదు.

అడుగున పావువంతు మామిడికాయ ఊరగాయ ఉంది. తీసి ఒక ఇత్తడి గిన్నెలో పెట్టి మూతేశాను. జాడీ నాలుగుసార్లు కడిగాను. వాసన పోలేదు. పోకపోవడమే మంచిది, రుచి వస్తుంది.

జనవరి 21, ఆదివారం. మొదటి ప్రయోగం.

ఉదయం 7. అమ్మ గుడికి వెళ్ళింది.

7.30. పొరలు పేర్చాను. తామస్ వేసినవి ఐదు. జాడీ లోతు కాబట్టి నావి ఇరవై రెండు పట్టాయి. ఎక్కువ పొరలు, ఎక్కువ గొప్ప.

8. ఓవెన్ సమస్య. పరిష్కారం: స్నానాలగదిలో నీళ్ళ హండా కింద పొయ్యి. నిప్పులు పక్కకు తోసి, జాడీని బూడిదలో కూర్చోబెట్టాను.

8.20. మంట. పొయ్యి మంట కాదు, జాడీ మూతి మంట. జాడీ అన్నాక మూతికి తెల్లబట్ట చుట్టి వాసెన కట్టకుండా ఎవరైనా అలమర దాటిస్తారా? నేనూ కట్టాను. ఎప్పుడు కట్టానో కూడా గుర్తు లేదు, చేతులే కట్టేశాయి. అది కాలి లోపల పడింది.

10. ఫలితం: పైన నాలుగు పొరలు బొగ్గు. మధ్యలో పది వేడి ఉర్లగడ్డలు. అడుగున ఎనిమిది పచ్చివి. మామిడికాయ ఊరగాయ వాసన, కాలిన బట్ట వాసన. ఎనుముకు పెట్టాను. వాసన చూసి, నా మొహం చూసి, అటు తిరిగి పడుకుంది.

జాడీ కడుగుతుంటే అడుగున చుట్టూ సన్నటి గీత కనిపించింది. ముందే ఉందో లేదో గమనించలేదు. జాడీలకు గీతలుంటాయి.

ఏమైనా మొదటి ప్రయోగమే. గొప్పవాళ్ళందరికీ మొదటిది పాడైంది.

జనవరి 23, మంగళవారం

ఉదయం 6. మీగడ గిన్నె చూశాను. ఆదివారం పొరల్లో పోయగా మిగిలింది, ఐదు రోజులది. కాస్త పులిసింది. ఆదివారం దాకా నిలవదు. పారబోయడం పాపం. చక్కెర వేసుకుని తిన్నాను.

6.15. పులవలేదని తిన్నాక తెలిసింది. చాలా బాగుంది.

కోత సాధన: బడిలో పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉన్నందున లేదు.

జనవరి 24, బుధవారం

ఘోరం. అమ్మ మధ్యాహ్నం ఊరగాయకని ఇత్తడి గిన్నె మూత తీసింది. లోపల ఊరగాయ మైలుతుత్తం రంగు తిరిగి ఉంది. నీలం, మధ్యమధ్య పచ్చ. గిన్నెకు కళాయి లేదన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

అమ్మ బిగుసుకుపోయింది. ఊరగాయ గిన్నెలోకి ఎవరు మార్చారని అడగలేదు. ఆకాశం వైపు చూసింది. "ఇది గ్రహాల పనప్పా. నా డెబ్బై ఏండ్లలో ఊరగాయ ఇట్ల తిరిగేది చూడలా."

నిజం చెప్పాల్సింది. జాడీ సంగతి బయటపడుతుంది. అందుకని, "కావచ్చమ్మా" అన్నాను.

సాయంత్రం 4. వీధిలో ఆడవాళ్ళు పదిమంది వచ్చి గిన్నె చూసి దండం పెట్టుకుని వెళ్ళారు.

6. ఇంకో ఇరవైమంది. ఒకావిడ కొబ్బరికాయ తెచ్చింది.

జనవరి 26, శుక్రవారం

బడిలో జెండా ఎగరేశాం. ప్రధానోపాధ్యాయుడు ప్రసంగం మధ్యలో నన్ను పక్కకు పిలిచి, నీలం మరీ ముదురా, లేతా అని అడిగాడు.

మునిరత్నమ్మ కార్డు వచ్చింది. నాకు కాదు, అమ్మకు. అమ్మకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. చెల్లెలికి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. 2న బయల్దేరుతుంది. చివరి వాక్యం: "మా అమ్మ జాడీ ఎవరూ ముట్టొద్దండి, నేనొచ్చి కడుగుతాను." ఆ వాక్యం చదవకుండా కార్డు మడిచాను.

మీగడ: తీశాను. తిన్నాను. మనసు బాగాలేదు.

జనవరి 28, ఆదివారం. రెండో ప్రయోగం (జరగలేదు).

ఉదయం 8. నాలుగో నియమం సవరించాను. సహాయం అడగరాదు గానీ సలహా అడగవచ్చు. బజారులో బేకరీ పిళ్ళప్ప దగ్గరికి వెళ్ళాను. పెద్ద ఇటుకల ఓవెన్, రొట్టెలు తీశాక రెండు గంటలు వేడి నిలుస్తుంది. అందులో నా జాడీ పెట్టమని అడుగుదామని.

పిళ్ళప్ప ఓవెన్‌లో నీళ్ళు చల్లుతున్నాడు. గుడిబండెకు, తన సొంతూరికి, పెళ్ళాం బిడ్డలతో వెళ్ళిపోతున్నాడట. ఎందుకని అడిగాను.

"మీ ఇంట్లోనే ఊరగాయ నీలం తిరిగింది కదా మేష్ట్రూ, మీకు చెప్పేదేముండాది? మొన్నటిదాకా నేనూ నమ్మలా. చచ్చేదేదో మనోళ్ళ మధ్యన చస్తామని పోతాండాము."

ఇత్తడి అని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కన నలుగురు నిలబడి ఉన్నారు. మూసుకున్నాను. చింతామణిలో ఉన్న ఒక్క మంచి ఓవెన్‌ను నా అబద్ధమే ఆర్పేసింది.

జనవరి 30, మంగళవారం

ఉదయం 6. మీగడ లేదు. పాలన్నీ గుడిలో శాంతిహోమానికి పంపిస్తున్నానని అమ్మ చెప్పింది. వారం దాకా పాలూ నెయ్యీ అన్నీ అగ్నిదేవుడికే.

ఓవెన్ లేదు. మీగడ లేదు. వేళ్ళు ఐదు తెగాయి. నా తప్పు ఏమైనా ఉందా అని నిష్పక్షపాతంగా ఆలోచించాను. లేదు.

ఫిబ్రవరి 1, గురువారం

నిర్ణయం రద్దు. లోకమే పోతుంటే ఉర్లగడ్డ ఎంత? ఉర్లగడ్డ పొరలుగా ఉండాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

సాయంత్రం 5. బస్టాండు హోటల్లో ఉర్లగడ్డ బోండాలు నాలుగు. రెండు నెలల తర్వాత ఉర్లగడ్డ నోట్లో పడింది. కళ్ళు చెమర్చాయి. ఇంకో రెండు చెప్పాను.

జాడీ తుడిచి అలమరలో యథాస్థానంలో పెట్టాను. వాసెన కట్టాను. ఎవరికీ ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

సాయంత్రం 4 నుంచి బస్టాండులో ఉన్నాను. ఏడయినా బాగేపల్లి బస్సు రాలేదు. డ్రైవరు రానన్నాడట. 6వ తేదీ దాకా బస్సు లేదన్నారు.

ఫిబ్రవరి 3, శనివారం

బడి లేదు. అంగళ్ళు మూశారు. గుడిలో భజన, హోమం పొగ. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు.

నేను గ్రహాలను నమ్మను. మూడుసార్లు బయటికి వచ్చి ఆకాశం చూశాను, అంతే.

మధ్యాహ్నం ఊరగాయ లేకుండా, వేపుడు లేకుండా, మజ్జిగన్నం తిన్నాను. పద్నాలుగేళ్ళుగా ఆమె వండింది తిన్నాను. ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. బాగుంది కాబట్టే అననక్కర్లేదనుకున్నాను. ఆ రోజు పదిమందిలో ఆ మాట అని ఉండకూడదు. ఆమె అక్కడ, నేనిక్కడ ఉండగా నిజంగానే ఏదైనా అయితే, ఆమె చెవిలో నా చివరి మాట అదే మిగులుతుంది. భయం వేసింది. గ్రహాల భయం కాదు.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఉదయం 5. నిర్ణయం పునరుద్ధరించాను. నియమాలు లేవు. ఇవాళ చేస్తాను, అంతే.

6. అమ్మ గుడికి బయల్దేరుతుంటే హోమానికి పాలు ఇవ్వనని చెప్పాను. నన్ను తేరిపార చూసి, "చిన్నప్పుడూ నువ్వు ఇట్లనే మొండోడివి" అని వెళ్ళిపోయింది. పాలు మరగబెట్టాను. మీగడ రెండు గరిటెలు. చాలనిచోట చిక్కటి పాలు. ఒక్క చుక్క తినలేదు. (వేలు నాకాను.)

9. ఉర్లగడ్డలు కోశాను. వెలుగుకు పట్టి చూస్తే వేలు కనిపించేంత పలుచగా వచ్చాయి. ఎవరైనా చూస్తే బాగుండేది.

11. పొరలు ఆరు. ఆరంటే ఆరే.

12. పెరట్లో గుంత తవ్వాను. పిడకలు రాజేసి, జాడీని మధ్యలో దించి, మూతి మీద పెంకు పెట్టి, పెంకు మీదా నిప్పులు పోశాను. వాసెన కట్టలేదు. కట్టబోయాను, కట్టలేదు.

1.30. వాసన వచ్చింది. నందికొండ వాసన. పెరట్లో ఒక్కణ్ణే గంతేశాను.

2. పెంకు తీశాను. బంగారు రంగు.

2.05. రెండు చేతులా బట్ట పట్టి జాడీని పైకి ఎత్తాను. జాడీ వచ్చింది. అడుగు రాలేదు. గుంతలోనే ఉండిపోయింది, మూడు పొరలతో సహా.

2.05. మునిరత్నమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

మిగతాది రేపు రాస్తాను.

ఫిబ్రవరి 5, సోమవారం

లోకం ఉంది. నిన్నటిది రాస్తాను.

బస్సులు లేకపోతే చేళూరు మీదుగా వచ్చే ఉర్లగడ్డల లారీలో మూటల మీద కూర్చుని వచ్చింది. తల నిండా ఎర్రదుమ్ము. అడుగు లేని జాడీ నా చేతుల్లో ఉంది. దాచడానికి చోటు లేదు.

"బాగేపల్లిలో బాయి కాడ చెప్పుకొంటాండారు, చింతామణిలో ఎవరో మేష్ట్రు ఇంట్లో ఊరగాయ నీలం తిరిగిందని. గ్రహాలు కాదు, కళాయి లేని ఇత్తడని నాకు అప్పుడే తెలిసిపోయె. ఊరగాయ ఇత్తడిలో ఉంటే నా జాడీ యాడ ఉండాది అని బయల్దేరినా" అంది.

నేను చెప్పాను. కవరు, హండా పొయ్యి, వాసెన, పిళ్ళప్ప, అన్నీ చెప్పాను. మీ అమ్మ జాడీ పగలగొట్టానని చెప్పాను. పంక్తిలో అన్న మాట తప్పని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

ఆమె గుంత పక్కన కూర్చుంది. పుల్లతో అడుగుముక్కను తిప్పి చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది కూడా.

"ఇది మీరు పగలగొట్టింది కాదు. పెండ్లి సామాన్లు బండిలోంచి దించేటప్పుడే అడుగు ఊడిపోయె. వేరేది తెచ్చేదానికి టైము లేదు. మాయమ్మ సున్నం, బెల్లం, కోడిగుడ్డు సొన కలిపి అతికించి, మీ అత్తకు తెలీనియ్యొద్దే అనె. పద్నాలుగేండ్లు ఎవరి చేతికీ ఇయ్యకుండా కాచినా. మాయమ్మ అతుకు ఇన్నేండ్లు నిలిచింది చూడండి."

పక్కన కూర్చున్నాను.

తర్వాత ఆమె జాడీ పైభాగంలో అంటుకున్న మూడు పొరల్లోంచి, బంగారు రంగున్నచోట, వేళ్ళతో ఒక ముద్ద తీసుకుంది. చెప్పిన మాట ప్రకారం ఒక ముద్ద. నేను ఆమె నోటివైపే చూశాను. నమిలింది. ఇంకా నమిలింది.

"ఉప్పేసినారా?"

కవరు తీసి చూశాను. ఉర్లగడ్డ ఉంది. మీగడ ఉంది. మిరియాలు ఉన్నాయి, పాత్ర ఉంది, గంటన్నర ఉంది. ఉప్పు లేదు. ఉప్పు వేయాలని ఒక మనిషికి రాసి చెప్పాల్సి వస్తుందని తామస్ అనుకోలేదు. ఊరగాయ జాడీ కదా, ఉప్పు దాంట్లోనే ఉంటుందనుకున్నానని చెప్పాను.

ఆమె ఇంకో ముద్ద తీసుకుంది. మాట ప్రకారం ఒకటే చాలు. మూడోదీ తీసుకుంది. "పలుచగా కోసినారే" అంది.

అప్పుడే అమ్మ గుడి నుంచి వచ్చింది. జాడీని చూసి, అయ్యో, ఇదేమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మునిరత్నమ్మ, "నేనే జారవిడిచినా అత్తా" అంది. గ్రహాలు ఇంకేం చేస్తాయోనని అమ్మ దండం పెట్టుకుంది.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఉదయం 6. బస్సులు నడుస్తున్నాయి. నీలం ఊరగాయ వల్లనే గండం తప్పిందని వీధిలో చెప్పుకుంటున్నారు. పిళ్ళప్ప తిరిగొచ్చి ఓవెన్ ముట్టించాడు. ఆదివారం రొట్టెలు తీశాక మా పాత్ర పెట్టడానికి ఒప్పుకున్నాడు. అతనికి ఇత్తడి సంగతి చెప్పాను. నమ్మలేదు.

మధ్యాహ్నం 1. ఉర్లగడ్డ వేపుడు. రెండు నెలల తర్వాత. మూడుసార్లు పెట్టించుకున్నాను. బాగుందని పైకి అన్నాను. అమ్మ ఉలిక్కిపడి నా నుదురు పట్టి చూసింది. మునిరత్నమ్మ నాలుగోసారి వడ్డించింది.

సాయంత్రం 5. బజారులో కొత్త జాడీ కొన్నాం. అడుగు మీద ఆమె వేళ్ళతో కొట్టి, చెవి పెట్టి విని, మూడు వద్దని నాలుగోది తీసుకుంది. పాత జాడీ అడుగుముక్కను కడిగి తన పెట్టెలో పెట్టుకుంది.

5.30. కొత్త నిర్ణయం. నియమాలు కవరు వెనకే, ఈసారి ఆమె చేతిరాతలో. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో: ఉప్పు. దాని కింద: మీగడ ఈయన ముట్టరాదు.

ఆదివారానికి ఇంకా ఐదు రోజులున్నాయి.

6. మీగడ గిన్నె చూసి వచ్చాను. బాగుంది. ఇంకా సగం ఉంది.